చిత్తడిపిట్ట కూత

అర్విడ్ నీమెలా చేతిలో ఉన్నదల్లా నలభై ఒక్క సెకన్ల పిట్ట కూత. సాయంత్రం ఆరింటికి ఊరి పాలన చూసే టౌన్‌షిప్ సభ. అతని ఇంటి వెనక చిత్తడినేలను పూడ్చి గోదాములు కట్టుకోవడానికి ఒక కంపెనీకి అనుమతి ఇవ్వాలా వద్దా అని ఓటు. అక్కడ అరుదైన పసుపు చిత్తడిపిట్ట ఉందని తేలితే ఆ పని ఆగిపోతుంది. అటువైపు లాయర్లున్నారు, మ్యాపులున్నాయి. ఇటువైపు ఆ కూత ఒక్కటే.

మూడున్నరకి కంప్యూటరును మోసుకొచ్చి లొరెయిన్ బోడెట్ రిపేరు కొట్టులో బల్ల మీద దించాడు.

"సభలో అందరికీ బాగా వినపడాలి. సౌండ్ కార్డు ఏది కొనమంటావు? లోపల బిగించేదా, బయట తగిలించేదా?"

"రెండూ విని కొనుక్కోండి పెద్దాయనా. చెవులు మీవి. రేపొచ్చి నన్ను తిట్టకూడదు."

లోపలి కార్డు బిగించి రికార్డింగు పెట్టింది. బొయ్యిమని హోరు. దాని మీద రెండు గులకరాళ్ళు కొట్టినట్టు టిక్ టిక్, టిక్ టిక్ టిక్.

"అదిగో!" అర్విడ్ స్పీకరు వైపు వేలు చూపించాడు. "రికార్డర్‌ను చిత్తడిలో కొయ్యకు కట్టి వదిలేసి వస్తే మంగళవారం తెల్లవారుజామున దొరికింది. వెనకాల ఆ హోరంతా కంప్యూటరు గోల. అది పోతే చాలు."

"అయితే బయటిదే మేలు. పెట్టెలోని కరెంటు గోల దానికి అంటదు."

ఆమె బయటి కార్డు తగిలించి మళ్ళీ మొదటి నుంచి పెట్టింది. నలభై ఒక్క సెకన్లు గడిచాయి. టిక్ అనలేదు.

"నా పిట్టేది? నీ డబ్బా మింగేసిందా?"

లొరెయిన్ స్పీకరు తీగ తీసి లోపలి కార్డుకే పెట్టి మళ్ళీ వినిపించింది. టిక్ టిక్. అప్పుడు రికార్డింగు ఆపేసింది.

పిట్ట కూత ఆగలేదు.

"ఇది కంప్యూటరు చేసే చప్పుడు," అంది మెల్లగా. "పిట్ట లేదు, అర్విడ్."

అతను స్టూలు మీద కూలబడ్డాడు. "నోరు మూసుకుని లోపలిది అమ్మేసి ఉండొచ్చుగా."

"అమ్మొచ్చు. ఆరింటికి వాళ్ళ లాయరు ఇలాగే ఆపి చూపించేవాడు. ఇక ఊళ్ళో మీ మాటకి విలువుండేదా?"

ఉండదు. అది అతనికీ తెలుసు. లేని పిట్టను ఉందని చూపించి గెలిచినా అది గెలుపు కాదు.

"విప్పెయ్. ఇంటికి పోతాను."

"ఒక్కసారి శుభ్రంగా వినండి. మళ్ళీ ఇంకెక్కడా అనుమానం మిగలకూడదు." ఆమె బయటి కార్డుతో ఇంకోసారి పెట్టింది. కోటు తొడుక్కుంటున్న అర్విడ్ చేయి సగంలో ఆగింది.

"దీంట్లో కంప్యూటరు గోల రాదన్నావు కదూ?"

"రాదు."

"మరి హోరు పోలేదేం?"

లొరెయిన్ శబ్దం పెంచింది. ఇంజను గుర్రుమంది. ఇనుప పట్టాలు కిర్రుమంటూ బురదలో తిరిగాయి.

లెక్క చూస్తే పిట్ట పోయింది. చేతికి చిక్కింది మాత్రం, ఓటు పడకముందే, మంగళవారం తెల్లవారుజామున, చిత్తడినేలలో దొంగచాటుగా మట్టి తోస్తున్న బుల్‌డోజరు.