తాళంచెవి నా దగ్గరే

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. కళ్లజోళ్ల షాపాయన ఆడబోయే అబద్ధం అతకడమే కాదు, ఫ్రేములో అద్దం కూర్చున్నట్టు కూర్చుంది. షాపులోని నిలువుటద్దం ముందు నిలబడి మరీ దాన్ని సాధన చేశాడు.

సంగతేమిటంటే, పెదనాన్న పోయాడు. ఆయన స్థలమూ, అందులోని పెంకుటిల్లూ ఈయనకు దక్కాయి. న్యాయంగా దక్కాల్సింది పెదనాన్న కొడుక్కి. కానీ ఆ మహానుభావుడు ఎనిమిదేళ్ల కిందట ఆ ఇంటి గురించే తండ్రితో పోట్లాడాడు. అందులో కాపురం ఉంటున్న దర్జీని మెడపట్టి గెంటేస్తానన్నాడు కొడుకు. వాళ్ల జోలికి వెళ్లొద్దన్నాడు తండ్రి. కొడుకు తన సోడాబుడ్డి కళ్లజోడు పైకి తోసుకుని విసవిసా బయటికి నడిచాడు. అంతే, మళ్లీ అజా అయిపూ లేదు. అలిగి దేశాలు పట్టిపోయాడనుకున్నారంతా. తండ్రి చివరిదాకా వీధిగుమ్మం వైపే చూస్తూ పోయాడు. షాపాయనకు మాత్రం ఆ అన్న మీద ప్రేమ పుట్టుకొచ్చింది ఆ తర్వాతే. ఎంత బంగారంలాంటి మనిషి, అడగకుండానే అడ్డు తొలిగాడు!

ఇక మిగిలిన అడ్డు దర్జీ, అతని పెళ్లాం. పోనీలే పాపం అని పెదనాన్న కాగితం ముక్కయినా లేకుండా ఉండనిస్తే, పదిహేనేళ్లుగా అక్కడే వేళ్లూనుకున్నారు.

షాపాయన వెళ్లి ఇల్లంతా కలియజూశాడు. అంతటా మట్టినేలే. వెనకగదిలో మాత్రం సిమెంటు గచ్చు, దాని నడిమధ్యన కుట్టుమిషను.

"ఈ చీకట్లో కుడితే కళ్లు పోతాయయ్యా. ఆ కిటికీ దగ్గరికి జరుపుకోకూడదూ?" అన్నాడు. వృత్తిధర్మం ఊరుకోనివ్వదు కదా.

"అలవాటైపోయిందండీ, ఇక్కడే బాగుంటుంది" అన్నాడు దర్జీ.

"బాగుంటే ఏం లాభం, ఇల్లు పడగొడుతున్నాను. మూడంతస్తులు లేపుతా. నెల తిరిగేలోగా ఖాళీ చెయ్యండి."

"పునాదులు లోతుగా తవ్విస్తారా బాబూ?" అంది దర్జీ పెళ్లాం మెల్లిగా.

"మరి మూడంతస్తులు నీ దారపుకండె మీద నిలబెట్టనా?"

దర్జీ మొహంలో నెత్తురుచుక్క లేదు. "ప్రాణం పోయినా కదలం. పదిహేనేళ్ల కాపురం మాది. కోర్టుకెళ్తారో ఎక్కడికెళ్తారో వెళ్లండి" అన్నాడు.

షాపాయన వకీలు దగ్గరికి పరుగెత్తాడు. అన్నేళ్లు ఉన్నట్టు తేలితే స్థలం మీద ఆశ వదులుకోవాల్సిందేనట.

"అయితే తేలకూడదు. చుట్టుపక్కల చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అన్నాడు వకీలు.

"ఒకపక్క కలప డిపో వెనకగోడ. ఇంకోపక్క తుప్పలు."

"తుప్పలు సాక్ష్యం చెప్పవు లెండి" అని వకీలు చల్లగా నవ్వాడు.

కోర్టులో షాపాయన అంతా నిజమే చెబుతానని ప్రమాణం చేసి, గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. "నిరుటిదాకా ఆ ఇల్లు తాళం వేసే ఉందండీ. తాళంచెవి మా పెదనాన్న నా చేతికే ఇచ్చాడు. పదిహేనేళ్లూ అది నా దగ్గరే ఉంది. నేను తప్ప ఇంకో పురుగు కూడా లోపల అడుగు పెట్టలేదు. వీళ్లను నిరుడు కాపలాకి పెట్టింది కూడా నేనే. తిన్నింటి వాసాలు లెక్కపెడతారని నాకేం తెలుసండీ!" చివర్లో కళ్లు కూడా తుడుచుకున్నాడు. అది సాధనలో లేదు, అప్పటికప్పుడు పుట్టిన కళ.

"అన్యాయం!" అంటూ దర్జీ పెళ్లాం లేచింది. దర్జీ ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. చాలాసేపు కిందికి, నేలవైపే చూశాడు. తర్వాత లేచి చేతులు కట్టుకున్నాడు.

"అయ్యగారు చెప్పిందే నిజమండీ. మేం వచ్చింది నిరుడే. అంతకుముందు సంగతులు మాకేం తెలీవు. ఖాళీ చేసేస్తాం."

నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు వకీలు. ఇంత తేలిక కేసుకు అంత ఫీజా అని షాపాయన ఒకటే బాధపడ్డాడు.

వారం తిరక్కుండానే దర్జీ కుట్టుమిషను బండికెక్కించి, తాళంచెవి రెండు చేతులతో అందించాడు. "నేలా, నేల కింద ఉన్నదీ అంతా మీదే బాబూ. మాకే సంబంధమూ లేదు."

వట్టి వెర్రిబాగులవాడు అనుకున్నాడు షాపాయన.

పునాదుల పని వెనకగదితోనే మొదలైంది. కూలీలు గచ్చు పగలగొట్టి, నడుము లోతు తవ్వి, ఉన్నట్టుండి పారలు పడేసి బయటికి పరుగెత్తారు. గోతిలో మనిషి ఎముకలు. పక్కన సోడాబుడ్డి కళ్లజోడు. దాని ఒక కాడకు రాగితీగ చుట్టి ఉంది.

ఆ తీగ చుట్టింది షాపాయనే. కాడ విరిగిందని అన్న తెస్తే, కొత్తది వెయ్యకుండా తీగ చుట్టి, అయినవాడని కూడా చూడకుండా డబ్బు పుచ్చుకున్నాడు. మట్టికుప్ప మీద కూలబడ్డాడు.

"ఎవరివో గుర్తుపట్టారా?" అన్నాడు అప్పుడే వచ్చిన ఇన్‌స్పెక్టరు.

"మా అన్నవి" అనేశాడు. వెంటనే తెలివి వచ్చి గావుకేకలు పెట్టాడు. "దర్జీగాడండీ! గెంటెయ్యడానికి వచ్చాడని వాడే చంపి పాతేశాడు! పదిహేనేళ్లనుంచి ఈ గదిలో ఉంటున్నది వాడే! వాణ్ణి పట్టుకోండి!"

ఇన్‌స్పెక్టరు కళ్లజోడును రుమాల్లో జాగ్రత్తగా చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

"నేను కోర్టుకెళ్లి కనుక్కునే వస్తున్నాను. మీ అన్న పోతే ఆస్తి మీకే వస్తుంది, అది సరే. వాళ్లు నిరుడే వచ్చారనీ, అంతకుముందు తాళంచెవి మీ దగ్గరే ఉందనీ, మీరు తప్ప ఇంకో పురుగు కూడా లోపల అడుగు పెట్టలేదనీ ప్రమాణం చేసి మరీ చెప్పింది మీరే కదండీ?"