దాని తల్లి ఎవరు?

“మేడమ్, వార్డులో తెరలన్నీ మళ్ళీ ఆగిపోయాయి! ఎవరి గుండె ఎలా కొట్టుకుంటోందో తెలియట్లేదు. ఎంతమంది చెయ్యి పట్టుకుని చూడను?” నర్సు ఏడుపు గొంతుతో అరిచింది.

ఆసుపత్రి కంప్యూటర్లు చూసుకునే ఆమె, సర్వర్‌ని మింగేస్తున్న ప్రాసెస్‌ని, అంటే లోపల నడుస్తున్న ఆ పనిని, మళ్ళీ చంపింది. అది రక్తబీజుడిలా మళ్ళీ పుట్టింది.

“పక్క గదిలో మీవారిదీ ఇదే పనిగా, ఆయన్ని అడగొచ్చుగా?”

“ఆయనగారికీ నాకూ పొద్దుట్నించీ మాటల్లేవు.”

దాన్ని పుట్టిస్తున్న తల్లి ప్రాసెస్ ఏదో వెతికింది. దాని నంబరు వెంట వెళ్తే ఒక లాగిన్ తేలింది. అది భర్తది.

ఆమె పక్క గదిలోకి పరుగెత్తింది. వెనకే నర్సు.

అతను చెమటలు కక్కుతున్నాడు. “డిస్కు పోయేలా ఉంది సిస్టర్! రికార్డులు కాపీ చేస్తుంటే ఎవడో చంపేస్తున్నాడు. నేను మళ్ళీ మొదలెడుతున్నాను,” అన్నాడు, భార్య వైపు చూడకుండా.

“ఎవడో కాదు, నేనే,” అంది ఆమె. “ఆపకండి. కాస్త నెమ్మదిగా నడపండి, చాలు.”

అతను తలెత్తి చూశాడు. కాపీ వేగం తగ్గించాడు.

నర్సు ఎదురు వార్డులోకి పరుగెత్తింది.

“కొట్టుకుంటున్నాయి మేడమ్, అన్నీ కొట్టుకుంటున్నాయి!” గుమ్మంలోంచే అరిచి, కళ్ళు తుడుచుకుంది. “ఇక మీరిద్దరూ కొట్టుకోకండి.”