రెండో మంచు

"చెయ్యనని చెప్పాను కదా. చెవుడు మీ ఖాన్‌కా, నీకా?" అంది ఉర్కుయా, పిండి పిసకడం ఆపకుండానే.

గుడారం గుమ్మంలో నిలబడ్డవాడు కద్యర్, ఖాన్‌గారి దూత. పన్నెండేళ్ల కిందట మొదటిసారి ఆమెని పిలవడానికి వచ్చినవాడూ అతనే. అప్పటికి మూతి మీద మీసం కూడా సరిగ్గా లేదు. ఇప్పుడు నక్కతోలు టోపీ, వెండి నడికట్టు, వెనక ఇద్దరు రౌతులు.

"కోటకి రానక్కర్లేదక్కా. ఇక్కడ కూర్చునే అక్‌బెల్ కనుమలో మంచు కురిపించు. అంతే."

"పోయినసారి కూడా అంతే అన్నావు."

పోయినసారి ఆమె మంచు కురిపించే రాయిని నీళ్లలో వేస్తే రెండు వేలమంది శత్రువులు ఆ కనుమలోనే గడ్డకట్టుకుపోయారు. ఖాన్ ఆమె భుజాల మీద పట్టు అంగీ కప్పి, వీరనారి అన్నాడు. వసంతంలో మంచు కరిగాక ఆ శత్రువుల తల్లులు గాడిదల మీద వచ్చి, ఎవరి కొడుకుల్ని వాళ్లు ఏరుకున్నారు. అది కళ్లారా చూసిన ఉర్కుయా రాయిని గుడ్డలో చుట్టి పెట్టె అడుగున పడేసింది. పట్టు అంగీని ఈనిన గొర్రెకి కప్పింది. లోయలో అందరూ ఆమెని వీరనారి అనే పిలుస్తారు గానీ, ఆమె చేతి వంట మాత్రం ముట్టరు.

మూకుడులోంచి వేడి రొట్టె తీసి కద్యర్ ముందు పెట్టింది. ఆ కొండల్లో ఎంత తొందరలో ఉన్నవాడైనా ఓ ముక్క తుంచి నోట్లో వేసుకోనిదే గుమ్మం దాటడు.

"పన్ను నొప్పక్కా," అన్నాడు కద్యర్.

"పోయినసారి నాలుగు లాగించావు. పదవి పెరిగేసరికి పళ్లు పుచ్చాయా?"

అందరిలాగే వీడూనా అని ఆమె మనసు చివుక్కుమంది. రొట్టెని మాత్రం అక్కడే ఉంచింది.

"ఇంతకీ ఎవరు వాళ్లు?"

"ఖాన్‌గారికి ఎదురు తిరిగినవాళ్లు. మూడొందలమంది. ఇప్పుడు కనుమ ఎక్కుతున్నారు, సాయంత్రానికి దిగుతారు. దిగితే ముందు తగిలేది మీ లోయే."

"తగలనీ. నాలుగు గొర్రెల్ని తోలుకుపోతారు. ఖాన్ మనుషులు ఏటా తోలుకుపోవట్లేదా?"

"ఎసెన్ సంగతి ఆలోచించుకో అక్కా."

పిండిలో ఆమె చేతులు ఆగిపోయాయి. గుడారం గోడకి ఎండిపోయిన రొట్టె ఒకటి వేలాడుతోంది. దానికి ఒక పక్క కొరికిన గుర్తు. రెండేళ్ల కిందట కొడుకుని సైన్యంలోకి పట్టుకుపోయిన రోజున వాడు కొరికి వదిలిన రొట్టె అది. మిగతాది వాడే తిరిగొచ్చి తినాలి.

"ఏమిటి వాడి సంగతి?"

"ఈ పని చేసిపెడితే ఎసెన్ ఇంకెప్పుడూ కత్తి పట్టక్కర్లేదు. ఖాన్‌గారి మాట."

"ఎప్పుడొస్తాడు?"

కద్యర్ టోపీ సర్దుకున్నాడు. "బయల్దేరాడనే విన్నాను."

"చూశావా మీ బుద్ధి. నా బిడ్డని నాకిస్తామని నాతోనే బేరమాడుతున్నారు. మిమ్మల్ని అడిగే మగాడు ఈ కొండల్లో పుట్టలేదు."

తిట్టుకుంటూనే చేతులు కడుక్కుంది. తిట్టుకుంటూనే పెట్టె తెరిచింది. కొండమేక కడుపులో దొరికిన రాయి, కోడిగుడ్డంత ఉంటుంది. దాన్ని రాగి గిన్నెలో నీళ్లలోకి జారవిడిచి, కనుమ పేరు మూడుసార్లు పలికింది. గుమ్మంలోంచి చూస్తుండగానే అక్‌బెల్ మీద ఆకాశం నల్లబడింది. కాసేపటికి అక్కడ కొండా లేదు, ఆకాశమూ లేదు, అంతా తెలుపే.

"మూడొందలమంది తల్లులు," అంది ఉర్కుయా. "వసంతంలో వాళ్లొచ్చినప్పుడు నేనిక్కడ ఉండను. నువ్వే ఎదురెళ్లి చూపించు, ఎవడు ఎక్కడ పడున్నాడో."

కద్యర్ గిన్నెకేసే చూస్తున్నాడు. "రాయి తీసి ఎండబెడితే మంచు ఆగిపోతుంది కదక్కా. ఎప్పుడు తీస్తావు?"

ఆమె రాయిని తీసింది. పొయ్యి గట్టు మీద పెట్టి గొడ్డలి వెనకవైపుతో ఒక్కటేసింది. తడి రాయి పిండయిపోయింది.

"ఎండబెట్టడానికి ఇంకేం లేదు. మూడు రోజులు దానంతటదే కురుస్తుంది. మళ్లీ ఇంకోసారి నన్ను పిలవడానికి మీ ఖాన్‌కి దారి కూడా లేదు."

కద్యర్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. రాయి పోయిందని చెబితే ఖాన్ తల తీస్తాడని భయం కాబోలు అనుకుంది ఉర్కుయా. అతను గబగబా బయటికి నడిచి, గుర్రం కళ్లెం అందుకున్నాడు.

ఆమెకి మాత్రం రెండేళ్ల తరవాత మొదటిసారి ఊపిరాడినట్టుంది. గోడ మీది ఎండు రొట్టె దించి, గుర్రపు పాలు గిన్నెలో పోసి, పక్కన పెట్టుకుంది. వాడొచ్చాక నానబెట్టి ఇవ్వాలి, లేకపోతే పళ్లు విరుగుతాయి. కద్యర్ వదిలేసిన రొట్టె పట్టుకుని గుర్రం దగ్గరికి వెళ్లింది.

"పనైపోయింది కదా. ఇప్పుడైనా ఓ ముక్క తుంచు. నా చేతి రొట్టె తింటే చావవులే."

కద్యర్ రొట్టె వంక చూడలేదు.

"నా వల్ల కాదక్కా. రొట్టె తిన్న ఇంటికి కీడు చెయ్యకూడదనే కదా ఇందాకట్నుంచీ ముట్టుకోలేదు," అన్నాడు. "ఖాన్ కొలువు వద్దని కత్తులు పారేసి, ఇళ్లకి వచ్చేస్తున్న మన కుర్రాళ్లే ఆ మూడొందలమందీ. కనుమలో దారి తెలుసని అందరికంటే ముందు నడుస్తున్నవాడు ఎసెన్."