ఈసారి నిజమే

"మైకు కట్టెయ్. నా చెవులింకా పనిచేస్తున్నాయి," అంది పెద్దమ్మ, చేతిలోని చొక్కాకు కాజా కుట్టడం ఆపకుండానే.

ఆటో దిగిన మనిషి మైకు కట్టేశాడు. అప్పటికే అతని గొంతు బొంగురుపోయింది. పొద్దుటి నుంచి ఏటి ఒడ్డు వీధులన్నీ తిరుగుతూ ఒకటే మాట చెబుతున్నాడు. ఎగువన ఆనకట్ట గేట్లు ఎత్తుతున్నారు, సాయంత్రానికి వరద వస్తుంది, ఇళ్లు ఖాళీ చేసి గుట్ట మీది బడికి వెళ్లిపొండి.

ఆకాశంలో మబ్బు తునక లేదు. ఎండ మాడ్చేస్తోంది.

"వానే లేదు, వరదెక్కణ్ణుంచి వస్తుందయ్యా? నీ జేబులోంచా?" అన్నాడు ఇస్త్రీ బండివాడు.

"వాన పైన కురిసింది. నేను ఆనకట్ట దాకా వెళ్లి నా కళ్లతో చూసొచ్చాను."

"మరి పోయినేడు ఎవరి కళ్లతో చూశావు?" అంది పెద్దమ్మ.

ఆ కథ అందరికీ తెలిసిందే. పోయినేడు ఆమె అవతలి ఒడ్డున ఉండేది. ఇలాగే ఆటో వచ్చింది, ఇలాగే వరదన్నారు. జనం మూటాముల్లె సర్దుకుని పోయారు. మర్నాడు తిరిగొస్తే వరద లేదు, ఇళ్లూ లేవు. యంత్రాలు నేలంతా చదును చేసేశాయి. రహదారి కోసం ప్రజలు సంతోషంగా స్థలాలు ఇచ్చారని టీవీలో చెప్పారు. పెద్దమ్మ ఒక్కతే ఈ వీధికి వచ్చి, దర్జీ కొట్టు పక్కనున్న గదిలో అద్దెకు చేరి, అతనికి కాజాలు కుట్టిపెడుతూ బతుకుతోంది. నీకు నా అన్నవాళ్లెవరూ లేరా అని ఎవరైనా అడిగితే దారం తెగిందంటూ మాట తప్పించేది.

దర్జీ కొట్టు గుమ్మంలో నిలబడి ఆమె వంకే చూస్తున్నాడు. లోపల అతని భార్యకు నెలలు నిండాయి. బట్టలు మూటగట్టి ఉంచాడు గాని, మిషను వదిలి కదలాలంటే కాళ్లు రావడం లేదు. పెద్దమ్మ లేస్తే తనూ లేద్దామనుకున్నాడు. వీధిలో చాలామంది అదే అనుకుంటున్నారు.

"అప్పుడు అరిచింది కూడా నువ్వేనా?" ఇస్త్రీ బండివాడు అడిగాడు.

"నేనే. చెప్పమన్నది చెప్పాను. నన్నూ మోసం చేశారు."

"పాపం, పసివాడు." పెద్దమ్మ దారం కొరికింది. "మోసం చేసినవాళ్ల దగ్గరే ఇవాళ్టికీ జీతం తీసుకుంటూ, మమ్మల్ని నమ్మమంటున్నాడు."

"నన్ను నమ్మొద్దు. టీవీ చూడండి."

దర్జీ కొట్టులో టీవీ నడుస్తూనే ఉంది. అందరూ అటు తిరిగారు. నురగలు కక్కుతున్న నీళ్లు, పాత వంతెన, దాని పక్కన గాలికి ఊగిపోతున్న పెద్ద చెట్టు.

"ఆ చెట్టు కొట్టేసి ఏడాదయింది. టీవీలో ఇంకా ఊగుతోంది," అన్నాడు ఇస్త్రీ బండివాడు.

నవ్వులు లేచాయి. అవి సరదా నవ్వులు కావు.

"బద్ధకం కొద్దీ పాత బొమ్మ వేశారు. వార్త మాత్రం నిజం," అన్నాడు మైకు మనిషి.

"నిజానికి కొత్త బొమ్మ దొరకలేదా?" పెద్దమ్మ గొంతు పెరిగింది. "మా గోడలు కూలుతుంటే ఒక్క కెమెరా రాలేదు. ఆ పూట వీళ్లు పూల ప్రదర్శన చూపించారు. మంచినీళ్లు రావడం లేదంటే ఎవరూ రారు. మురిక్కాలవ ఇళ్లలోకొచ్చిందంటే రారు. ఖాళీ చెయ్యమనడానికి మాత్రం తెల్లారకముందే దిగుతారు. మా ప్రాణాల మీద ఇంత ప్రేమ ఎప్పుడు పుట్టుకొచ్చిందో!"

అతను ఏదో చెప్పబోయాడు. దగ్గుతెర కమ్మింది. పెద్దమ్మ చొక్కా పక్కన పడేసి లోపలికి వెళ్లి, గ్లాసుతో నీళ్లు తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"ముందు తాగు. తర్వాత అబద్ధమాడు."

అంత కోపంలోనూ ఆమెకు ఎదుటివాడి దాహం కనిపించినందుకు దర్జీకి ఆశ్చర్యమేసింది.

నీళ్లు తాగి అతను చేతులు జోడించాడు. "తిట్టండి. అందరూ తిట్టండి. తిట్టుకుంటూనే లేవండి."

"కూర్చునే తిట్టుకుంటాను. మోకాళ్ల నొప్పులు," అంది పెద్దమ్మ. "ఒకసారి నీ మాట విని లేచాను. చాలు."

ఆటో డ్రైవరు హారను కొట్టాడు. "అన్నా, ఎక్కు. కాసేపటికి వంతెన మూసేస్తారు."

మైకు మనిషి పెద్దమ్మ వంక చూశాడు. ఆమె మళ్లీ చొక్కా ఒళ్లోకి తీసుకుంది. అతను మైకు డ్రైవరుకు ఇచ్చేశాడు.

"నువ్వు వెళ్లు. నేను రాను."

ఆటో దుమ్ము లేపుకుంటూ పోయింది. అతను వచ్చి పెద్దమ్మ పక్కన మెట్టు మీద కూర్చున్నాడు.

ఇస్త్రీ బండివాడు చప్పట్లు చరిచాడు. "చూశారా? నిజంగా వరదే వస్తుంటే అందరికంటే ముందు పరిగెత్తేది వీడు కాదూ? తీరుబడిగా కూర్చున్నాడు."

వీధి ఒక్కసారిగా తేలికపడింది. తాళాలు వేసిన తలుపులు మళ్లీ తెరుచుకున్నాయి. బండ్ల మీదికెక్కిన సామాను దిగింది. దర్జీ లోపలికి వెళ్లి మూట విప్పాడు.

"పడుకో. ఏమీ లేదట," అన్నాడు భార్యతో. మిషను ముందు కూర్చుని తొక్కడం మొదలుపెట్టాడు.

మెట్టు మీద పెద్దమ్మ సూదిలోకి దారం ఎక్కించబోయి, చూపు ఆనక, అటు తిరక్కుండానే చెయ్యి పక్కకు చాచింది. మైకు మనిషి సూది అందుకుని దారం ఎక్కించి ఇచ్చాడు.

ఆమె అతని తల్లి.