గోడ మీద మూడు మాటలు

"ఎవరు చెక్కారిది?"

ఉండవల్లి గుహల కాపలాదారు మాణిక్యం వేసిన కేకకి పదో తరగతి పిల్లలంతా బిగుసుకుపోయారు. బౌద్ధ భిక్షువుల కోసం ఎప్పుడో కొండని తొలిచి చేసిన గది అది. దాని గోడ మీద కొత్తగా, తెల్లగా గీసిన అక్షరాలు: "మన ప్రేమ శాస్వతం." కింద రాతిపొడి ఇంకా రాలి ఉంది.

"పొద్దున నేను ఊడ్చినప్పుడు లేదు సార్. మీ బస్సు తప్ప ఇంకో బండి రాలేదు. చేసినవాళ్ళ పేరు రాసిచ్చి కదలండి. లేదా పోలీసుల్ని పిలుస్తా."

కిరీటి మాస్టారు మెడ మీద చెమట తుడుచుకున్నారు. జేబులో ఫోను మోగితే చూడకుండానే నొక్కేశారు. పిల్లల్ని ఒక్కొక్కరినే చూసుకుంటూ వచ్చి హెలెన్ దగ్గర ఆగారు. స్తంభం మీది పువ్వును నోట్సులో వేసుకుంటున్న ఆ పిల్ల చేతిలో కంపాస్ ఉంది.

"ఇదిగో, ముల్లు చేతిలోనే ఉంది! ఎవడే వాడు?"

"నేను... బొమ్మ వేసుకుంటున్నానండీ..."

"నంగనాచి వేషాలెయ్యకు!"

"దీనికి లవ్వా సార్?" అన్నాడు వెనకనుంచి ఫిన్నీ. "హాజరు పలకడానికే నోరు పెగలదు."

పిల్లలు కిసుక్కుమన్నారు.

"నోర్ముయ్యరా! నీ పేరు కూడా రాయనా?"

నవ్వులు ఆగిపోయాయి. హెలెన్ నోట్సు మూసేసింది. పబ్లిక్ పరీక్షలు ఇంకో నెలే. స్కూల్లోంచి తీసేస్తే మళ్ళీ చదివించేది లేదని నాన్న ఎప్పుడో తేల్చేశాడు.

బయట డ్రైవరు హారన్ మీద హారన్ కొడుతున్నాడు. మాస్టారు కాగితం గోడకి ఆనించి గబగబా రాసి ఇచ్చారు.

"అమ్మాయి సంతకం కూడా కావాలి సార్," అన్నాడు మాణిక్యం.

హెలెన్ కాగితం అందుకుంది. "గోడ పాడుచేసిన హెలెన్ అను విద్యార్థినిని స్కూలు నుండి శాస్వతంగా తొలగించెదము." ఒకసారి చదివింది. గోడ వైపు చూసింది. మళ్ళీ చదివింది.

"ఇంకా ఏం చూస్తావే? పెట్టు సంతకం!"

"పెడతానండీ." కాగితంలో ఒక మాట కింద వేలు పెట్టింది. "కానీ సార్... శాశ్వతంలో రెండోది కూడా శంకరుడి 'శ' అండీ. మీరు గోడ మీద కూడా 'స'నే చెక్కారు."