ఎవరి చెయ్యీ పడని కారు

లోపలి పిడి గిరగిరా తిరిగింది. తలుపు మాత్రం కదల్లేదు.

కారులో ఇరుక్కున్న ఆయన భుజంతో నెట్టాడు. కాలితో తన్నాడు. పైనుంచి ఇంత తుప్పు రాలి నెత్తిన పడింది, అంతే. ఎడమ తలుపు షెడ్డు గోడకు ఆనుకుని ఉంది. వెనక తలుపులు ఎప్పుడో తుప్పుతో బిగుసుకుపోయాయి. బయటి పిడి సంగతంటారా, గీకి శుభ్రం చేద్దామని నిన్న ఆయనే ఊడదీసి కిరోసిన్ డబ్బాలో నానేశాడు.

అద్దం నాలుగు వేళ్లంత దిగి ఆగిపోయింది.

"ఏమే!"

ఇందాక బట్టల బకెట్‌తో ఆ ఇరుకులోంచి వెళ్తూ, అడ్డంగా ఉన్న కారు తలుపును తుంటితో నెట్టి మూసిన భార్య, చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఏమైందండీ?"

"తలుపు కాస్త బిగుసుకుంది. బయట్నుంచి లాగు."

ఆమె అద్దం అంచు పట్టుకుని, పళ్లు బిగబట్టి లాగింది.

"రావట్లేదండీ. మా తమ్ముణ్ని పిలవనా?"

"నోర్ముయ్."

తమ్ముడు మెకానిక్. రెండేళ్ల కిందట ఇదే కారు చుట్టూ తిరిగి, "పాత ఇనుముకి వేసెయ్ బావా, కనీసం మేకులైనా అవుతుంది" అన్నాడు. ఆయనకు ఒళ్లు మండింది. "దీన్ని నా చేత్తో బాగుచేసి నీ గుమ్మం ముందు ఆపుతాను. అప్పటిదాకా నేనూ రాను, మీ అక్కా రాదు. నీ చెయ్యి దీనిమీద పడిందా, నేను ఓడినట్టే!" అన్నాడు. ఆ రోజునుంచీ విప్పుతున్నాడు, బిగిస్తున్నాడు. కారు అంగుళం కదల్లేదు.

పోయిన నెల తమ్ముడింట్లో తల్లి జారిపడి మంచం పట్టింది. కూతుర్ని చూడాలని కబురు మీద కబురు. ఆమె అడిగినప్పుడల్లా ఆయనది ఒకటే మాట. "కారు బాగవనీ."

"పోనీ అద్దం పగలగొట్టనా?"

"అమ్మో! ఈ అద్దం ఇప్పుడెక్కడ దొరుకుతుంది?"

"వీధి చివర మెకానిక్ ఉన్నాడుగా?"

"వాడి నోరు తెలిసిందేగా. సాయంత్రానికి అందరూ నా గురించే నవ్వుకుంటారు. స్క్రూడ్రైవర్ ఇటివ్వు. నేనే విప్పుకుంటా."

రెండు స్క్రూలు విప్పాడు. స్క్రూడ్రైవర్ జారి తలుపు లోపలికే పడిపోయింది.

"ఈ ఉక్కలో గొంతెండిపోతుంది, పాపం" అంటూ ఆమె అద్దం సందులోంచి స్ట్రా పెట్టి మంచినీళ్లు తాగించింది. తర్వాత టీ. తర్వాత నిమ్మరసం. మళ్లీ మంచినీళ్లు.

మధ్యాహ్నానికి ఆయన మోకాళ్లు దగ్గరికి నొక్కుకుని కూర్చున్నాడు. ముఖం కందగడ్డలా అయింది.

"ఇంకాసిన్ని నీళ్లు..."

"నీళ్ల మాటెత్తకు!"

అద్దం సందు దగ్గరికి మూతి తెచ్చి గొణిగాడు. "మీ తమ్ముడు... బయట చెప్పడుగా?"

"ఇంట్లోవాడు. ఎందుకు చెప్తాడండీ?"

"అయితే పిలువు. పరిగెత్తుకు రమ్మను."

తమ్ముడు వచ్చాడు. సందులోంచి ఓ కడ్డీ దూర్చి ఇలా తిప్పాడు. తలుపు తెరుచుకుంది. బామ్మర్దిని పలకరించనైనా పలకరించకుండా ఆయన బాత్రూమ్ వైపు లంఘించాడు.

తిరిగొచ్చేసరికి ముఖం తేటపడింది. తల మాత్రం లేవలేదు.

"పిడిలో పిన్ను లేదు బావా. తుప్పుకి విరిగి ఎక్కడో పడుంటుంది" అన్నాడు తమ్ముడు. నవ్వు ఆపుకోవడానికి వాడు పడుతున్న అవస్థ చూడలేక ఆమె పక్కకు తిరిగింది.

"సరేలేవోయ్, ఓడాను. పదండి, అత్తయ్యను చూసొద్దాం."

తమ్ముడి బండి వీధి మలుపు తిరుగుతుండగా, వెనక సీట్లో కూర్చున్న ఆమె కొంగు ముడి విప్పి, పొద్దున ఆయన స్నానంలో ఉండగా పిడిలోంచి ఊడబెరికిన పిన్నును కిటికీలోంచి జారవిడిచింది.