మంగళవారం బస్సులో వచ్చినాయన

సముద్రం మీది పొగమంచు మంగళవారం బస్సును మింగి, బడి గుమ్మం ముందు ఒక ముసలాయనను ఉమ్మేసి పోయింది.

ఆయన ఎటు పోవాలో తెలియక నిలబడితే, బడిలోకి పోతున్న వడ్రంగి లౌరిట్స్ ఆయన్ను భుజం పట్టి తనతో లాక్కుపోయాడు. చలికాలపు సాయంత్రాల్లో అక్కడ పెద్దవాళ్ళకు ఇంగ్లీషు చెబుతారు.

"ఉత్తరపు పల్లె నుంచేగా?" అడిగాడు లౌరిట్స్.

ముసలాయన గాలి లోపలికి పీల్చాడు.

డెన్మార్కు పడమటి తీరంలో అవుననడం అంతే. నోటితో అనరు, ఊపిరితో లాగేస్తారు. ఆ ఒక్క పీల్పుతో పొలాలు అమ్మినవాళ్ళున్నారు, పెళ్ళిళ్ళు కుదుర్చుకున్నవాళ్ళున్నారు. ఒకాయన పెళ్ళాంతో ముప్ఫయ్యేళ్ళు అలాగే కాపురం చేసి, ఒకనాడు ఉన్నట్టుండి "ఉప్పు" అన్నాడట. ఆవిడ జడుసుకుని వారం రోజులు మంచం పట్టింది.

అంచేత, మాట్లాడని మనిషి పరాయివాడని అక్కడ ఎవరికీ తోచదు. మాట్లాడేవాడి మీదే అనుమానం.

టీచరమ్మ బోదిల్ పేరడిగితే మళ్ళీ గాలి పీల్చాడు. ఆమె పుస్తకంలో "ఉత్తరపు పల్లె" అని రాసుకుని ఊరుకుంది.

వెనక బల్ల మీద ఒక్క చోటే ఖాళీ. మారెన్ పక్కన.

జతలుగా ఇంగ్లీషులో మాట్లాడుకోండని బోదిల్ అన్నప్పుడల్లా మారెన్‌కు జత దొరకదు.

"నీ దగ్గర ఒకటే కథ మారెనక్కా," అన్నాడు లౌరిట్స్. "రొట్టెల కొట్టు గురించి మాట్లాడమంటే, అందులోనూ విమానం కూలుతుంది."

"నీ నెత్తిన కూలలేదుగా. కాఫీ తాగు."

ఆ కథ ఊరందరికీ తెలుసు. యుద్ధపు చివరి చలికాలంలో ఇసుకదిబ్బల్లో విమానం కూలింది. మారెన్ నాన్న ఒక ఇంగ్లీషు కుర్రాణ్ణి మోసుకొచ్చి, పశువుల కొట్టంలో పడుకోబెట్టి, డాక్టరు కోసం పరిగెత్తాడు. తొమ్మిదేళ్ళ మారెన్ ఆ కుర్రాడు ప్రాణం విడిచేదాకా చెయ్యి వదల్లేదు. అతను ఇప్పుడు చర్చి గోడ పక్కన పడుకుని ఉన్నాడు. నలభై ఏళ్ళకు, వచ్చే మే అయిదున, అతని ఇంటివాళ్ళు వస్తున్నారు.

"తర్జుమాకు పాస్టరుగారు ఉన్నారుగా, నీకెందుకీ తంటా?" అంది బోదిల్.

"నోరు నాదేగా," అంది మారెన్.

మొదటి మంగళవారం ఆమె దగ్గర ఇంగ్లీషు మాటలు అయిదే. "కుర్రాడు. చలి. ఆవులు. నేను చిన్న."

ముసలాయన కాఫీ కప్పు కింద పెట్టి, ఆమె వైపు తిరిగి కూర్చున్నాడు.

వారం వారం మాటలు పెరిగాయి. రెండో వారం కుర్రాడికి జుట్టు వచ్చింది, రాగిరంగుది. మూడో వారం కాస్త పాలు తాగాడు. ఆరో వారం ఆమె జడ చూసి నవ్వాడు. కిటికీ అవతల మంచులోంచి ఎవరో ఒక్కో అడుగే వేసుకుంటూ దగ్గరికి వస్తున్నట్టుండేది.

"ఎన్ని వారాలైనా నీ తలకు ఒక్క ముక్క ఎక్కదు," అంది మారెన్ ఒకసారి తమ భాషలో. "అందుకే నీకు చెబుతున్నా."

ఆయన గాలి పీల్చాడు.

ఫిబ్రవరి చివరి మంగళవారం బయట ఊరే లేదు, మంచు తప్ప. మారెన్ ఇంగ్లీషులో, గొంతు తగ్గించి చెప్పింది.

"నేను చెయ్యి పట్టుకోలేదు. అతను ఏదో అడుగుతున్నాడు. నాకు ఆ మాటలు రావు. భయమేసింది. పోయి ఆవు వెనక దాక్కున్నాను. తిరిగొచ్చేసరికి అయిపోయింది. ఒక్కడే పోయాడు. నలభై ఏళ్ళుగా ఊరికి అబద్ధం చెబుతున్నాను. ఆ ఇంటివాళ్ళకు మాత్రం నిజం చెప్పాలి, పాస్టరు నోటితో కాదు."

ముసలాయన ఆమె చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. బస్సు హారను మోగేదాకా వదల్లేదు.

"ఏం మారెనక్కా, పొరుగూరి సంబంధమా?" అన్నాడు లౌరిట్స్.

ఆమె దెప్పకుండా అతని కప్పులో కాఫీ పోసింది. అలా జరగడం అదే మొదలు.

మరుసటి వారం ముసలాయన రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

"పాపం, చలికాలమంతా కూర్చుని ఒక్క ముక్క నేర్చుకోలేదు," అన్నాడు లౌరిట్స్. "మన కేకులు మాత్రం తిన్నాడు."

మే అయిదున చర్చి ముందు కారులోంచి ఒక్క ముసలావిడ దిగింది. చనిపోయిన కుర్రాడి చెల్లెలు.

మారెన్ పాస్టరును గేటు దగ్గరే ఆపేసి, ఆమెను సమాధి దగ్గరికి తీసుకుపోయింది. మొత్తం ఇంగ్లీషులో చెప్పింది. పాలు, నవ్వు, ఆవు వెనక దాక్కోవడం, ఒక్కటీ వదల్లేదు.

ముసలావిడ ఆమె కళ్ళలోకి చూసింది.

"తెలుసమ్మా. తొమ్మిదేళ్ళ పిల్ల ఇంకేం చేస్తుంది?"

"ఎలా తెలుసు? కన్నతల్లికి కూడా చెప్పలేదే నేను."

"తన తమ్ముడి చివరి గంట వినకుండా పోనని, జబ్బు ఒంటితోనే ఓడెక్కి వచ్చి, పొరుగూళ్ళో గది తీసుకున్నాడు. ఇంటికి తిరిగొచ్చాక మార్చిలో కన్నుమూశాడు," అంది ఆవిడ. "మీ ఇల్లు అడుగుదామని బస్సు దిగితే ఎవరో తీసుకుపోయి మీ పక్కన కూర్చోబెట్టారట. తానెవరో తెలిస్తే మీరు నిజం మింగేస్తారని, చలికాలమంతా నోరు విప్పలేదట, మా పెద్దన్నయ్య."